అమ్మనో నాయననో పోగొట్టుకున్న పిల్లలకు అండ: తరచుగా అడిగే ప్రశ్నలు

కడప జిల్లా ప్రభుత్వ పాఠశాలల్లో ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఏటా నా తరగతిలో ఒకరిద్దరు పిల్లలు తల్లినో తండ్రినో పోగొట్టుకుని, పదిహేను రోజుల తర్వాత గుండుతోనో వాడిన ముఖంతోనో వచ్చి కూర్చుంటారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడు అమ్మలు, అవ్వలు, మేనమామలు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే రాసిపెట్టాను. నేను డాక్టరును కాను. మనోవైద్యులను, బాలల సంరక్షణ సిబ్బందిని అడిగి తెలుసుకున్నదీ, పిల్లల దగ్గర నేర్చుకున్నదీ ఇక్కడ ఉంది. వరుసగా చదవాల్సిన పని లేదు. ఈ పూట మీకు కావలసిన ప్రశ్న దగ్గరకే వెళ్ళండి.

## వార్త చెప్పాల్సిన రోజు

నాలుగేళ్ళ పాపకు నాయన ఇక లేడని ఎలా చెప్పాలి? చుక్కయ్యాడని చెబితే సరిపోదా?

సరిపోదు. చుక్కయ్యాడంటే రాత్రి మిద్దె మీద పడుకుని ఆ చుక్కను కిందికి రమ్మని పిలుస్తుంది. నిద్రపోయాడంటే తనకు నిద్ర పట్టదు, మిమ్మల్నీ కళ్ళు మూయనివ్వదు. ఊరికి వెళ్ళాడంటే బస్సు దిగిన ప్రతి మనిషి ముఖమూ వెతుకుతుంది, తనకు చెప్పకుండా వెళ్ళాడని అలుగుతుంది. "చనిపోయాడు" అన్న మాటే వాడండి. "నాయన చనిపోయాడు. చనిపోతే ఒళ్ళు పనిచేయదు. ఊపిరి ఆడదు, ఆకలి వేయదు, నొప్పి తెలియదు. మళ్ళీ లేవడు. నిన్ను నేను చూసుకుంటాను." ఇంత చాలు. చివరి వాక్యాన్ని మాత్రం మరిచిపోవద్దు, ఆ వయసు పిల్లలకు మొదటి భయం అదే.

పాప తలూపి, సాయంత్రానికి "నాయన అన్నానికి ఎప్పుడొస్తాడు?" అని అడుగుతుంది. మీరు చెప్పడంలో లోపమేమీ లేదు. చనిపోయినవాళ్ళు తిరిగి రారన్న సంగతి చాలామంది పిల్లలకు ఐదు, ఏడేళ్ళ మధ్యలోనే పూర్తిగా అందుతుంది. అడిగిన ప్రతిసారీ అదే జవాబు, అవే మాటల్లో చెప్పండి. స్వర్గం, జన్నత్, ప్రభువు సన్నిధి అని మీ నమ్మకం ప్రకారం చెప్పుకోవచ్చు. కానీ ఒంటికి ఏమైందో చెప్పిన తర్వాతే.

అమ్మ మాట్లాడే స్థితిలో లేదు. ఎవరు చెప్పాలి?

పిల్లవాడికి రోజూ దగ్గరగా ఉండే మనిషి. అవ్వ కావచ్చు, మామ కావచ్చు. వీధిలో ఎవరి నోటో వినకముందే, అదే రోజు చెప్పాలి. ఒక మూలకు తీసుకెళ్ళి, పక్కన కూర్చుని, చేయి పట్టుకుని చెప్పండి. తర్వాత అమ్మ దగ్గరకు తీసుకెళ్ళి ఒడిలో కూర్చోబెట్టండి. అమ్మ మాట్లాడకపోయినా పరవాలేదు.

మా అన్న అప్పుల బాధతో తన ప్రాణం తానే తీసుకున్నాడు. పిల్లలకు గుండెపోటని చెప్పాం. తప్పు చేశామా?

తల్లడిల్లే గుండెతో చెప్పిన మాట అది. మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఆ మాట నిలవదు. వేరుశనగ ఎండిపోయిన సంవత్సరాల్లో అనంతపురం, కడప పల్లెల్లో ఇలాంటి చావులు ఎన్ని చూశామో మనందరికీ తెలుసు. ఊరంతా తెలిసిన సంగతి బడిలో గొడవ పడ్డ రోజు తోటి పిల్లవాడి నోట వస్తుంది. అప్పుడు పిల్లవాడు నాయననే కాదు, మిమ్మల్ని నమ్మడం కూడా పోగొట్టుకుంటాడు.

నేరుగా ఇలా చెప్పవచ్చు: "నాయన మనసుకు చాలా జబ్బు చేసింది. బయటికి కనిపించలేదు. ఆ బాధలో వేరే దారి కనిపించక తన ప్రాణం తానే తీసుకున్నాడు. నువ్వు చేసింది, అన్నది ఏదీ దీనికి కారణం కాదు. నువ్వు ఆపగలిగేదీ కాదు." ఎలా జరిగిందో వివరాలు చెప్పనక్కరలేదు. అప్పు ఒక్కటే కారణమని కూడా చెప్పకండి. పిల్లలు రేపు తమకు కష్టం వచ్చినప్పుడు ఆ లెక్కనే పట్టుకుంటారు. బాధ భరించలేనంతైనప్పుడు సాయం అడిగే చోట్లు ఉంటాయని, నాయనకు ఆ సాయం అందలేదని చెప్పండి. "గుండెపోటు అన్నాం కదా, ఎలా చెప్పాలో తెలియక అలా చెప్పాం" అని ఒప్పుకోండి. పిల్లలు క్షమిస్తారు.

ఆ ఇంట్లో మిగిలిన పురుగుల మందు డబ్బాలను అదే రోజు బయటికి పంపేయండి, లేదా తాళం వేసి తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచండి.

నాయన కువైట్‌లో చనిపోయాడు. శవం రావడానికి రోజులు పడుతుందంటున్నారు. అప్పటిదాకా పిల్లలకు చెప్పకుండా ఉండవచ్చా?

రాజంపేట, రాయచోటి వైపు ఇళ్ళలో ఈ ప్రశ్న ఎక్కువ. ఇంటి నిండా బంధువులు, ఏడుపులు, ఫోన్లు. పిల్లలకు తెలియదని మనం అనుకోవడమే. చెప్పండి: "నాయన అక్కడ చనిపోయాడు. ఇక్కడికి తీసుకురావడానికి కాగితాలు కావాలి. ఎన్ని రోజులో తెలియగానే నీకూ చెబుతాను." రెండు మూడేళ్ళకోసారి సెలవుకు వచ్చే తండ్రి కదా. పిల్లలకు ఆయన లేకపోవడం కొత్త కాదు, అందుకే ఈసారి లేకపోవడం వేరని నమ్మడానికి ఎక్కువ కాలం పడుతుంది. పెట్టె ఇంటికి చేరాక ముఖం చూడగలిగే స్థితిలో ఉంటే, పిల్లవాడు అడిగితే, చూపించండి. అక్కడే ఖననం చేస్తే ఇక్కడ ఫోటో పెట్టి అందరూ కూర్చుని ప్రార్థన చేసే ఒక రోజు తప్పక ఉండాలి. శవాన్ని తెప్పించే పనిలో రాష్ట్ర ప్రభుత్వ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్టీఎస్ సాయపడుతుంది. వాళ్ళకు వెంటనే ఫోన్ చేయమని పెద్దవాళ్ళలో ఒకరికి అప్పగించండి.

## అంత్యక్రియలు, దినాలు

పిల్లలను శవం దగ్గరకు రానివ్వవచ్చా? జడుసుకుంటారని పక్కింట్లో పెట్టాం.

జడుసుకునేది చూసినందుకు కాదు, చెప్పకుండా చూపించినందుకు. ముందే చెప్పండి: "నాయనను చాప మీద పడుకోబెట్టారు. ముక్కులో దూది ఉంటుంది. ఒళ్ళు చల్లగా ఉంటుంది. అందరూ గట్టిగా ఏడుస్తుంటారు. డప్పులు మోగుతాయి. వస్తావా?" వస్తానంటే, ఆ పిల్లవాడిని మాత్రమే చూసుకునే ఒక మనిషిని పక్కన ఉంచండి. రానంటే బలవంతం చేయకండి, మనసు మారితే చెప్పమనండి. ముప్పై ఏళ్ళు దాటాక కూడా "నన్ను పక్కింట్లో పెట్టి తలుపు వేశారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళను చూశాను. "నాకెందుకు చూపించారు" అని అడిగినవాళ్ళు నాకు అరుదు.

తొమ్మిదేళ్ళ బాబు చేత తలకొరివి పెట్టించాలంటున్నారు. ఇంత చిన్నవాడు తట్టుకుంటాడా?

వాడినే అడగండి. కొందరు పిల్లలకు అది నాయనకు చేయగలిగిన చివరి పని, చేయనివ్వకపోతే బాధపడతారు. కొందరికి ఆ మంటే ఏళ్ళ తరబడి కలల్లోకి వస్తుంది. భయపడుతున్నాడంటే దారి ఉంది. బాబు చేతితో దర్భ తాకించి చిన్నాయనో పెద్దనాయనో మిగిలిన కర్మ జరిపించడం మన వైపు ఉన్నదే, పురోహితుడితో ముందు రోజే మాట్లాడుకోండి. చేస్తానంటే నీళ్ళకుండ, కొరివి, వెనక్కి తిరిగి చూడకపోవడం, అన్నీ ఒక్కొక్కటిగా ముందే చెప్పండి. గుండు సంగతి కూడా. ఇంట్లో ఇంకొకరు వాడితో పాటు గుండు చేయించుకుంటే వాడికి ఎంత ధైర్యమో చెప్పలేను.

ఒక్క మాట కచ్చితంగా చెబుతున్నాను: ఏడుస్తూ వెనక్కి లాగుతున్న పిల్లవాడి చేతిలో బలవంతంగా కొరివి పెట్టకండి. ఏ శాస్త్రం కోసమైనా సరే.

అమ్మకు గాజులు, బొట్టు తీసే కార్యం పిల్లలు చూడవచ్చా?

నా మనసులో మాట చెబుతాను. ఆ కార్యమే వద్దు. చాలా ఇళ్ళు మానేశాయి, ఏమీ కాలేదు. నాయన పోయిన పదో రోజున అమ్మను నలుగురు పట్టుకుని గాజులు పగలగొట్టడం చూసిన ఆడపిల్ల, ఆ రాత్రి తన గాజులు తానే తీసి దాచుకుంది. "నా వల్ల ఇంకెవరికీ ఏమీ కాకూడదు" అంది నాతో. పెద్దలు ఒప్పుకోకపోతే కనీసం పిల్లలను ఆ సమయానికి మేనత్త ఇంటికి పంపండి. కానీ అమ్మ వేరుగా కనిపిస్తుందని, ఎందుకో, ముందే చెప్పి పంపండి. తిరిగి వచ్చేసరికి అమ్మ ముఖం మారిపోయి ఉంటే పిల్లలకు అది రెండో దెబ్బ.

మా ఆడపిల్లలు ఖబరస్తానుకు వెళ్ళరు. మా పాప అబ్బాజాన్‌ను ఎక్కడ పెట్టారో చూస్తానని ఏడుస్తోంది.

జనాజా లేవకముందు ముఖం చూసి దుఆ చేసుకోనివ్వండి. ఖననానికి వెళ్ళిన అన్నో మామో వచ్చి ఎక్కడ, ఏ చెట్టు పక్కన, ఎలా పెట్టారో పాపకు కూర్చుని చెప్పాలి. కాగితం మీద గీసి చూపించినా మంచిదే. మూడో రోజు జియారత్‌లో, నలభయ్యో రోజు చెహల్లుంలో పాప చేతికి ఒక పని ఇవ్వండి, పూలు కట్టడమో పిల్లలకు తీపి పంచడమో. వెళ్ళడం గురించి మీ ఇమాం సాహెబును అడగండి. ఆచారం ఇంటింటికీ వేరుగా ఉంది.

వీడు ఏడవడమే లేదు. నాయన పోయిన రెండో రోజే గోలీలు ఆడుతున్నాడు. మనసు రాయా?

కాదు. పెద్దవాళ్ళ దుఃఖం ముసురు పట్టిన వాన. పిల్లలది ఎండలో వాన. కాసేపు కురుస్తుంది, కాసేపు ఆగుతుంది. అంత బాధను వాళ్ళు ఒకేసారి మోయలేరు, అందుకే ఆటలోకి వెళ్ళి వస్తుంటారు. శవం ఆట, కర్మ ఆట ఆడినా తిట్టకండి. జరిగిందాన్ని చేతులతో అర్థం చేసుకుంటున్నారు. "నాయన పోతే ఆటలా?" అని ఒక్కరు అన్నా చాలు, ఆ తర్వాత వాడు ఏడవడమూ ఆడడమూ రెండూ మానేస్తాడు.

## ఇంట్లో, మొదటి నెలలు

ఎనిమిదేళ్ళ పాప మళ్ళీ పక్క తడుపుతోంది. నన్ను బాత్రూముకు కూడా ఒంటరిగా వెళ్ళనివ్వడం లేదు.

అమ్మ కూడా పోతుందేమోనన్న భయం అది. పెద్ద పిల్లలు చిన్నప్పటి అలవాట్లకు తిరిగి వెళ్ళడం ఈ సమయంలో మామూలే. చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుతుంది. తిట్టకండి, నలుగురిలో చెప్పకండి. బయటికి వెళ్ళేటప్పుడు చెప్పకుండా జారుకోవడం మాత్రం వద్దు. "మూడు గంటలకు వస్తాను" అని చెప్పి మూడుకే రండి, ఆలస్యమైతే ఫోన్ చేయండి. అన్నం, స్నానం, నిద్ర, బడి పాత వేళలకే జరగనివ్వండి. ఓదార్పు మాటల కంటే వేళకు వచ్చే సంగటి ముద్ద పిల్లలకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

"నేను పెన్ను అడిగినందుకే నాయన బజారుకెళ్ళాడు, లారీ గుద్దింది" అంటున్నాడు. ఏమని చెప్పాలి?

"అలా అనకూడదు" అని నోరు మూయించకండి. ముందు పూర్తిగా చెప్పనివ్వండి. తర్వాత: "నువ్వు పెన్ను అడిగావు. అందరు పిల్లలూ అడుగుతారు. గుద్దింది లారీ. నువ్వు అడగడం వల్ల లారీ రాలేదు." చాలామంది పిల్లలు ఇలాంటి లెక్క ఒకటి లోపల వేసుకుని ఉంటారు, కోపంలో "చచ్చిపో" అని ఎప్పుడో అన్నదీ అందులో ఉంటుంది. అడగకపోయినా మీరే ఒకసారి చెప్పి ఉంచండి. ఇక "ఈ పిల్ల పుట్టిన వేళ మంచిది కాదు" అనే బంధువులను గుమ్మంలోనే ఆపండి. ఆ మాట విన్న పిల్ల దాన్ని జీవితాంతం మోస్తుంది.

పిల్లల ముందు నేను ఏడవవచ్చా?

ఏడవండి. "నాయన గుర్తుకొచ్చి ఏడుపొచ్చింది, కాసేపటికి తగ్గుతుంది" అని కారణం చెప్పండి. మీరు దాక్కుని ఏడిస్తే పిల్లలూ దాక్కోవడం నేర్చుకుంటారు. రోజుల తరబడి లేవలేకపోతే, పిల్లలే మీకు అన్నం పెట్టే పరిస్థితి వస్తే, మీకూ సాయం కావాలి. ప్రభుత్వ ఉచిత మానసిక సహాయ నెంబరు 14416కు మీ కోసం కూడా ఫోన్ చేయవచ్చు.

పన్నెండేళ్ళ పెద్దోడికి అందరూ "ఇక నువ్వే ఇంటికి పెద్దదిక్కు" అని చెబుతున్నారు. మంచిదే కదా?

వాడికి మంచిది కాదు. ఆ రోజు నుంచి వాడు ఏడవడు, అడగడు, ఆడడు. నా తరగతిలో అలాంటి పిల్లవాడు మధ్యాహ్న భోజనంలో గుడ్డు తినకుండా చెల్లికని జేబులో పెట్టుకునేవాడు. మనం మెచ్చుకున్నాం, వాడు చిక్కిపోయాడు. "ఇంటి సంగతి పెద్దవాళ్ళం చూసుకుంటాం, నువ్వు చదువుకో, ఆడుకో" అని అందరి ముందూ చెప్పే ఒక పెద్దమనిషి కావాలి. చిన్న చిన్న పనులు ఇవ్వండి, ఇంటి బరువు వద్దు.

ఏడాది దాకా పండుగ చేయకూడదు. పిల్లలకు కొత్త బట్టలు కూడా వద్దా?

పెద్దవాళ్ళ నియమం పెద్దవాళ్ళకు. వీధి పిల్లలంతా ఉగాదికో రంజానుకో కొత్త బట్టలు వేసుకుంటే వీళ్ళు తలుపు చాటున నిలబడడం ఏ తండ్రి కోరుకుంటాడు? మేనమామ ఇంట్లో వేడుక చేసుకోనివ్వండి.

## బడి

ఎన్ని రోజులకు బడికి పంపాలి? టీచరుకు ఏం చెప్పాలి?

పెద్ద దినం అయ్యాక ఎక్కువ రోజులు ఆపకండి. బడి వాళ్ళకు ఊపిరి తీసుకునే చోటు. పంపే ముందు మీరో మామో వెళ్ళి క్లాసు టీచరుకు మూడు సంగతులు చెప్పండి: ఎవరు ఎలా పోయారు, పిల్లవాడికి ఎంత తెలుసు, తోటి పిల్లలకు ఏం చెప్పాలని వాడు కోరుకుంటున్నాడు. మొదటి వారం సగం పూట పంపినా నష్టం లేదు.

నేను టీచరును. ఆ పిల్ల తరగతిలోకి వస్తే ఏం మాట్లాడాలో తెలియడం లేదు.

"మీ అమ్మ పోయిన సంగతి తెలిసింది. చాలా బాధేసింది. ఏడుపొస్తే అడగకుండానే బయటికి వెళ్ళిరా" అని పక్కకు పిలిచి చెప్పండి. అంతకంటే పెద్ద మాటలు అక్కరలేదు. పిల్ల రాకముందే తరగతికి చెప్పండి, జాలిగా చూడవద్దని, ఎలా చనిపోయిందని గుచ్చి గుచ్చి అడగవద్దని, ఆటలో కలుపుకోమని.

ఇంకొకటి, నేను చేసిన తప్పు కాబట్టి చెబుతున్నాను. ప్రోగ్రెస్ కార్డులు ఇస్తూ "మీ నాన్న సంతకం తీసుకురండి" అని అలవాటుగా అన్నాను. మూడో వరుసలో ఒక పిల్లవాడు తల దించుకున్నాడు. మర్నాడు నాన్న సంతకం తనే పెట్టుకుని వచ్చాడు. అప్పటి నుంచి "ఇంట్లో పెద్దవాళ్ళ సంతకం" అంటున్నాను. "మా నాన్న" అని వ్యాసం రాయించేటప్పుడు "నాకు ఇష్టమైన మనిషి" అని మార్చుకోండి.

పదో తరగతి. చదివింది తలకెక్కడం లేదంటోంది. పరీక్షలు ఎలా?

దుఃఖంలో మనసు నిలవదు, జ్ఞాపకశక్తి తగ్గుతుంది. బద్ధకం కాదు. ఇరవై నిమిషాలు చదివి లేవనివ్వండి. స్నేహితురాలితో కలిసి బిగ్గరగా చదవమనండి. "నాయన ఆత్మ శాంతించాలంటే ర్యాంకు తేవాలి" అనే మాట మాత్రం ఎవరూ అనకూడదు.

## పదిహేనేళ్ళు దాటినవాళ్ళు అడిగేవి

అమ్మ పోయి మూడు నెలలు. నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. నేను చెడ్డవాడినా?

కాదు నాయనా. కోపం కూడా దుఃఖమే. డాక్టరు మీద, దేవుడి మీద, బాగా ఉన్న స్నేహితుల మీద, పోయిన అమ్మ మీద కూడా వస్తుంది. అందరితో మాట్లాడాల్సిన పని లేదు. ఒక్క మనిషిని ఎంచుకో, పిన్ని కావచ్చు, పీఈటీ సారు కావచ్చు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడడం కష్టమైతే బండి మీద వెనక కూర్చునో, తోటలో పని చేస్తూనో మాట్లాడు. రాయడం ఇష్టమైతే అమ్మకే ఉత్తరం రాయి. మందు, గుట్కా, వేగంగా బండి నడపడం బాధను ఒక పూట వాయిదా వేస్తాయి, అంతే.

నేను కూడా చనిపోయి నాన్న దగ్గరకు వెళ్ళిపోతే బాగుండనిపిస్తోంది.

ఈ మాట ఇప్పుడే, ఈ రోజే ఒక పెద్ద మనిషికి చెప్పు. ఇంట్లో వీలు కాకపోతే 14416కు ఫోన్ చెయ్యి, రాత్రి రెండైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే, చేసుకోబోతున్నా, 108కి ఫోన్ చేయించు, దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్ళు. పోలీసు కేసవుతుందని భయపడకు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడమంటుంది, శిక్షించమనదు.

పెద్దలకు: పిల్లలు ఇలా అంటే "పిచ్చి మాటలు మాట్లాడకు" అనకండి. "ఎప్పటి నుంచి అనిపిస్తోంది? ఎలా చేయాలని కూడా ఆలోచించావా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, అప్పటికే ఉన్నది బయటికి వస్తుంది. ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. మాత్రలు, పురుగుల మందు ఇంట్లో లేకుండా చేయండి.

## డాక్టరు, కౌన్సెలింగ్

ఎప్పుడు డాక్టరుకు చూపించాలి?

చాలామంది పిల్లలకు డాక్టరు అవసరం రాదు. నిజం చెప్పే, విసుక్కోని ఒక పెద్ద మనిషి పక్కన ఉంటే చాలు. అయితే కొన్ని గుర్తులు ఉన్నాయి. చావాలనే మాటలు, తనను తాను గాయపరచుకోవడం కనిపిస్తే ఆ రోజే వెళ్ళాలి. వారాల తరబడి తిండి, నిద్ర సరిగా లేకపోవడం, బడికి ససేమిరా అనడం, జరిగిన ప్రమాదం కళ్ళ ముందు పదే పదే కనిపిస్తోందనడం ఉంటే నెల దాటనివ్వకండి. ఆరు నెలలు గడిచినా రోజూ అదే తీవ్రతతో, ఆటపాటలు పూర్తిగా వదిలేసి ఉంటే దాన్ని దీర్ఘకాల దుఃఖ సమస్యగా వైద్యులు పరిగణిస్తారు. పెద్దవాళ్ళకు కొందరు వైద్యులు ఏడాది గడువు చూస్తారు, పిల్లలకు ఆరు నెలలే.

మా దగ్గర ఎక్కడ చూపించాలి?

కడపలో రిమ్స్ అని మనం పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కర్నూలు, అనంతపురాల్లో పెద్దాసుపత్రులు, మూడూ వైద్య కళాశాలలకు అనుబంధం. మానసిక వైద్య విభాగానికి ఓపీ చీటీ రాయించుకోండి. ఉదయమే వెళ్ళండి, పిల్లవాడితో వాడికి ఇష్టమైన మనిషి వెళ్ళాలి. సమస్య క్లిష్టమైతే బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. అనంతపురం, హిందూపురం వాళ్ళకు అది విజయవాడ, విశాఖపట్నం కంటే దగ్గర. వట్టి దుఃఖానికే మాత్రలు రాయరు. మాట్లాడతారు, బొమ్మలు గీయిస్తారు, తల్లికి కూడా ఎలా మెలగాలో చెబుతారు.

14416కు ఫోన్ చేస్తే ఏమవుతుంది?

అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ. ఇరవై నాలుగు గంటలూ ఉచితం. 1800 891 4416 కూడా అదే. భాష ఎంచుకోమంటుంది, తెలుగు నొక్కితే కౌన్సెలర్ వస్తారు. "మా బాబుకు పదేళ్ళు, అమ్మ పోయింది, నెల రోజుల నుంచి మాట్లాడడం లేదు" అని చెబితే చాలు. అవసరమైతే వైద్యుడికి కలుపుతారు. లైను ఒకసారి దొరకకపోతే మళ్ళీ చేయండి.

పిచ్చి డాక్టరు దగ్గరకు వెళ్ళిందని తెలిస్తే రేపు పెళ్ళి కాదంటోంది మా అవ్వ. ముందు గాలి సోకిందేమో చూపిద్దామంటోంది.

దర్గాలో ఊదీ పెట్టించుకోవడం, గుడిలో అర్చన చేయించడం మీకు ధైర్యం ఇస్తే చేయండి. కొట్టడం, వాతలు పెట్టడం, ఉపవాసం ఉంచడం ఎవరు చేయబోయినా పిల్లను తీసుకుని వచ్చేయండి. అవ్వకు "పిల్లకు నిద్ర పట్టడం లేదు, పెద్దాసుపత్రిలో చూపిస్తున్నాం" అని చెప్పండి. అది నిజమే. డాక్టరు దగ్గర చెప్పినవి బయటికి చెప్పకూడదని చట్టమే ఉంది.

## డబ్బు, కాగితాలు, సంరక్షణ

నాయన పోయాక పిల్లల చదువుకు నెలనెలా సాయం వస్తుందంటున్నారు. నిజమా?

నిజమే. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అంటారు, ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు, పద్దెనిమిదేళ్ళు నిండేవరకు. భర్త చనిపోయిన తల్లి పిల్లలు, బంధువుల దగ్గర పెరిగే అనాథలు, ప్రాణాంతక జబ్బున్న తల్లిదండ్రుల పిల్లలు అర్హులు. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఇవ్వాలి. అంగన్‌వాడీ టీచరును అడిగితే దారి చూపిస్తారు. మరణ ధ్రువపత్రం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్, ఆదాయ పత్రం, బ్యాంకు పాసుపుస్తకం నకళ్ళు సిద్ధం చేసుకోండి. మరణాన్ని 21 రోజుల లోపే నమోదు చేయించండి. ఆ ఒక్క కాగితం లేక తిరిగినవాళ్ళే నాకు ఎక్కువగా కనిపించారు. కోవిడ్ వల్ల తల్లిదండ్రులిద్దరూ లేనివాళ్ళైన పిల్లలకు పీఎం కేర్స్ కింద 23 ఏళ్ళు నిండేసరికి పది లక్షలు అందే పథకం వేరే ఉంది.

అమ్మా నాయనా ఇద్దరూ పోయారు. ముగ్గురు పిల్లలను తలా ఒక ఇంటికి పంచుదామంటున్నారు.

వీలైనంతవరకు విడదీయకండి. ఆ పిల్లలకు మిగిలింది ఒకరికొకరే. ఖర్చు భారమని విడదీస్తుంటే, నెలకు పిల్లకు 4,000 ఇచ్చే సాయం సంగతి ముందు కనుక్కోండి. బంధువులెవరూ చూడలేకపోతే బాలల సహాయ నెంబరు 1098కు ఫోన్ చేయండి, పిల్లలను బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్తారు. ప్రతి జిల్లాలో ఆ సమితి ఉంది, పిల్లలు ఎక్కడ ఉండాలో అది నిర్ణయిస్తుంది. ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో అనాథలకు, తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవాళ్ళకు ప్రాధాన్యం ఇస్తారు. తెలియనివాళ్ళకు స్టాంపు కాగితం రాసి పిల్లను ఇచ్చేయడం దత్తత కాదు, నేరం. పిల్లల పేరు మీద భూమి ఉంటే సంరక్షకుడిని కోర్టు ద్వారా నియమించుకోవాలి. అన్నిటికీ ముందు పిల్లలను కూర్చోబెట్టి "మీకు ఎవరి దగ్గర ఉండాలని ఉంది?" అని అడగండి. ఎవరూ అడగరు.

పదిహేనేళ్ళ పిల్లకు ఏడాదిలోపు పెళ్ళి చేస్తే పుణ్యమంటున్నారు. తమ్ముడిని నాపరాళ్ళ ఫ్యాక్టరీలో పెడతారట.

ఆపండి. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం, ఇంట్లో చావు జరిగిందని మినహాయింపు ఏదీ లేదు. పద్నాలుగు నిండని పిల్లవాడిని ఏ పనిలోనూ పెట్టకూడదు, గనుల్లోనైతే పద్దెనిమిది దాకా కూడదు. 1098కు ఎవరైనా చెప్పవచ్చు, పేరు చెప్పనక్కరలేదు. పిల్ల తానే చెప్పవచ్చు. తండ్రి పోయిన ఏడాదిలో బడి కూడా పోతే పిల్లలకు ఇక నిలబడే చోటే ఉండదు.

## ఏళ్ళు గడిచాక

రెండేళ్ళయింది. అప్పుడు బాగానే ఉన్నాడు. ఇప్పుడెందుకు మొదలైంది?

ఎదిగిన కొద్దీ పోయినదేమిటో కొత్తగా తెలుస్తుంది. ఆరేళ్ళప్పుడు నాయన లేడని ఏడ్చిన పిల్లవాడు, ఎనిమిదేళ్ళకు సైకిల్ నేర్పేవాడు లేడని ఏడుస్తాడు. ఆడపిల్ల పెద్దమనిషైన రోజు, ఇంటర్ ఫలితాల రోజు, పెళ్ళి రోజు మళ్ళీ తలుపు తడుతుంది. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలను రెండేళ్ళపాటు గమనించి, కొందరిలో ఇబ్బందులు మొదటి ఏడాది కంటే రెండో ఏడాదిలో బయటపడ్డాయని గుర్తించారు. కాబట్టి సంవత్సరీకంతో అయిపోయిందనుకోకండి. మళ్ళీ మొదటి నుంచి చెప్పమంటే చెప్పండి. ఈసారి వాడి వయసుకు తగినట్టు ఇంకొంచెం ఎక్కువ చెప్పండి.

"నాయన గొంతు మరిచిపోతున్నాను" అని పాప ఏడుస్తోంది. ఏం చేయాలి?

నాయన ఫోను ఎక్కడుందో వెతకండి. రీఛార్జి చేయకుండా నెలలు వదిలేస్తే ఆ నెంబరు మరొకరికి వెళ్ళిపోతుంది, వాట్సాప్ ఖాతా కూడా దాదాపు నాలుగు నెలలు వాడకపోతే తీసేస్తారు. కాబట్టి ముందు అందులోని గొంతు సందేశాలు, వీడియోలు, ఫోటోలు ఇంకో రెండు చోట్ల దాచండి. పెళ్ళిళ్ళ వీడియోలు ఉన్న బంధువులను అడగండి. వెనక నవ్వుతూ అన్నం వడ్డిస్తున్న నాయన ఎక్కడో ఒకచోట ఉంటాడు. ఒక చొక్కా ఉతకకుండా ఉంచండి. ఆయన ఉగ్గాని ఎంత కారంగా తినేవాడో, ఎద్దులను ఏ పేర్లతో పిలిచేవాడో, పాప పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో ఏం చేశాడో, తెలిసిన ప్రతి ఒక్కరినీ వచ్చినప్పుడల్లా చెప్పమనండి. పాప ఒక నోటుపుస్తకంలో రాసుకుంటుంది.